సగం, పావు, వీసం

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

వదిన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అన్నయ్యా క్షేమం. మా పెళ్ళిరోజుకి నువ్వు కానుకగా పంపిన సాఫ్ట్‌వేర్ క్షేమమో కాదో నువ్వే చెప్పాలి. వేరే ఆడపడుచులు ఏ గిన్నెల సెట్టో ఇస్తారు. నువ్వు అక్షరాలతో లెక్కలు చేసే యంత్రాన్ని ఇచ్చావు, అదీ మీ కంపెనీదే, అదీ ఊరికే వచ్చింది.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. పోయినసారి ఫోన్ పెట్టేసింది నువ్వా నేనా అన్నది ఇంకా తేలలేదు. మీ అన్నయ్య మాత్రం తీర్పు చెప్పేశారు. ఇకమీదట ఇద్దరూ ఉత్తరాలే రాసుకోవాలట, అప్పుడు ఒకరు చెప్పడం పూర్తయ్యేదాకా రెండోవారు ఆగక తప్పదట. పళ్ళ డాక్టరు కదా, ఎదుటి మనిషి నోరు తెరిచి ఉంచి కూడా మాట్లాడలేకపోవడమే ఆయన దృష్టిలో మర్యాద.

విషయానికొస్తాను. ఇక్కడ కొత్తగా కట్టిన గ్రంథాలయం హాల్లో పెద్ద లోలకం గడియారం పెట్టే పని మా వర్క్‌షాపుకి వచ్చింది. ఇన్నాళ్ళూ మేం చేసిన ప్రతి గడియారం మీదా మా నాన్న పేరే ఉండేది. పని నాది, పేరు ఆయనది. ఈసారి డయల్ మీద మొదటిసారి నా పేరు చెక్కించాను. కాబట్టి ఈ గడియారం టైము తప్పితే నేను మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకుని నడవలేను.

భవనం గీసిన ఆర్కిటెక్టు గారికి లోలకం బాగా విశాలంగా ఊగాలట, గుమ్మంలో అడుగుపెట్టగానే కళ్ళు చెదరాలట. నిలువు గీత నుంచి అటు అరవై డిగ్రీలు, ఇటు అరవై డిగ్రీలు. కొంచెమే ఊగే లోలకానికి స్కూల్లో నేర్చుకున్న సూత్రం చాలు. ఇంత ఊపుకి చాలదు. ఒక సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, చేయాలి. చేసి పెట్టమని నీ కానుకని అడిగాను. చాలాసేపు ఆలోచించి, నా ప్రశ్ననే కాస్త దుమ్ము దులిపి నాకు తిరిగిచ్చింది. ఇంకోలా అడిగాను. అప్పుడు K అని ఒక్క అక్షరం చెప్పింది. ఫలానా ఊరికి దారెటు అని అడిగితే ఆ ఊరి పేరు నాకే చెప్పి పంపినట్టుంది.

ఈ K ఎవరు, నాకెందుకు పరిచయం చేశావు, వెంటనే రాయి.

ఇట్లు,
జవాబు అడిగి అక్షరం పుచ్చుకున్న
నీ వదిన

తా.క. ఆ K మీ అన్నయ్యకి చూపించాను. "ఏదో ఒకటి అయ్యుంటుందిలే" అన్నారు. మీ వంశంలో ప్రశ్నలకి జవాబు చెప్పే పద్ధతే ఇదని అప్పుడు తెలిసింది.

*

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. క్షేమ సమాచారాల కంటే తిట్లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి మీ ఆరోగ్యం బాగానే ఉందని అర్థమైంది.

మీరు తిట్టిన K ని చూసుకునేది నేనే. మా కంపెనీలో ప్రత్యేక ప్రమేయాల (ఇంగ్లీషులో స్పెషల్ ఫంక్షన్లు) విభాగానికి నేను అధిపతిని. విభాగం అంటే నేనూ, కిటికీ పక్కన ఒక బల్లా.

కొన్ని లెక్కలు ఎంత కుస్తీ పట్టినా మామూలు సూత్రాలకి లొంగవు. పూర్వం గణితం పెద్దలు విసిగిపోయి ఆ జవాబుకే ఒక పేరు పెట్టేశారు. పెట్టి ఊరుకోలేదు, దాని గుణగణాలన్నీ రాసి, ఎక్కడ ఎంత విలువో పట్టికలు వేశారు. డోలు మీద చర్మం అదిరే తీరుకి ఒకటి, ఇంద్రధనుస్సు అంచున వెలుగు తగ్గే తీరుకి ఇంకొకటి, ఇలాంటివి మా సాఫ్ట్‌వేర్ లోపల వందలకొద్దీ ఉన్నాయి. మీ లోలకానికి వచ్చింది K.

ఇంకా అర్థం కాకపోతే ఇలా చూడండి. మా అన్నయ్య ఆదివారం మధ్యాహ్నం ఎందుకు అలుగుతాడో ఎవరికీ తెలియదు. మీరు దానికి 'ఆదివారం మూడ్' అని పేరు పెట్టారు. అది ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు తారస్థాయికి చేరుతుందో, ఏం పెడితే దిగుతుందో అంతా కంఠతా చెప్పగలరు. కారణం ఒక్కటే చెప్పలేరు. ప్రత్యేక ప్రమేయం అంటే అదే.

K పక్కన బ్రాకెట్‌లో మీ సంఖ్య పెట్టండి. ఎన్ని దశాంశాలు కావాలంటే అన్ని ఇస్తుంది. ఏ సంఖ్య పెట్టాలో సహాయం పేజీలో ఉంది, చదవండి. చదవండి అని రెండోసారి ఎందుకు రాస్తున్నానంటే, మీ వాషింగ్ మెషీన్ పుస్తకం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉందని నాకు తెలుసు.

ఇట్లు,
K తరఫున,
మీ ఆడపడుచు

తా.క. మొదట మీ ప్రశ్న మీకే తిరిగిచ్చిందన్నారు. 'ఇది నాకు రాదు' అని సాఫ్ట్‌వేర్ మర్యాదగా ఒప్పుకునే పద్ధతి అది. మన ఇంట్లో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు కాబట్టి మీరు గుర్తుపట్టలేదు.

*

ప్రత్యేక ప్రమేయాల మహారాణిగారికి,

వదిన రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అరవై డిగ్రీల్లో సగం ముప్ఫై, ముప్ఫైకి సైన్ విలువ సగం. మా నాన్న K అన్న పేరు చెప్పకుండానే నేర్పిన లెక్క ప్రకారం దానికి ఇవ్వాల్సింది ఆ సగమే. ఇచ్చాను. నీ సాఫ్ట్‌వేర్ దశాంశాలు ధారగా పోసింది. ఆ లెక్కతో కడ్డీ కోయించాను, ఇత్తడి గుండు అతికించాను, పరంజా కట్టించి హాల్లో వేలాడదీశాను, ఊపు ఆగకుండా గుండుని నెట్టే అయస్కాంతం కింద పెట్టెలో అమర్చాను. గుండు అటూ ఇటూ ఊగుతుంటే చూసినవాళ్ళు నోరు తెరిచారు. మీ అన్నయ్య అయితే అలవాటుగా వాళ్ళ పళ్ళు చూశారు.

గడియారం పరుగెడుతోంది. పొద్దున లైబ్రేరియన్ సరైన టైముకి తిప్పి పెడతాడు, సాయంత్రానికి అది అందరికంటే ముందు ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉంటుంది. గుండు కింద సర్దుబాటు మర ఉంది కానీ అది చిన్న తేడాలకి, ఇంత తేడాకి కాదు. డిటెక్టివ్ నవల ఆఖరి అధ్యాయంలో ఉండగా బయటికి పంపేశారని ఒక పెద్దమనిషి మా వర్క్‌షాపుకి వచ్చి, హంతకుడెవరో చెప్పేదాకా కదలనన్నాడు.

పాఠకుల్ని ముందే రానిస్తున్నా అసలు ప్రారంభోత్సవం ఇంకా కాలేదు, దగ్గరికొచ్చింది. ఈలోగా బాగుచేయకపోతే నా పేరున్న డయల్ దించేసి, గోడకి బ్యాటరీ గడియారం తగిలిస్తామని గ్రంథాలయం పెద్దలు కబురు పెట్టారు. నా చేతిలో తప్పు లేదు. నీ K లో ఉంది. ఇంట్లో మనిషివి కదా అని ఊరుకోలేదు, మీ కంపెనీకి ఫిర్యాదు పంపాను. పై అధికారులే నీకు బుద్ధి చెబుతారు.

ఇట్లు,
మోసపోయిన వినియోగదారు,
నీ వదిన

తా.క. గడియారం ముట్టుకోవద్దని లైబ్రేరియన్ బతిమాలుతున్నాడు. నా జీవితంలో నా పనిని అంతగా మెచ్చుకున్న మనిషి ఇతనొక్కడే. అదీ పాడైన పనిని.

*

గౌరవనీయులైన వినియోగదారుగారికి,

మీ ఫిర్యాదు మా కంపెనీకి అందినది. ప్రత్యేక ప్రమేయాల మీద వచ్చే ఫిర్యాదులను సంబంధిత విభాగాధిపతికి పంపడం మా ఆనవాయితీ. పంపారు. వచ్చింది. నేనే. చదివాను.

K లో తప్పు లేదు వదినా. దాన్ని ముందు నుంచీ వెనక నుంచీ పరీక్షించాకే లోపల పెట్టాం. అచ్చయిన పట్టికలతో పోల్చాం, ఇంకో దారిలో లెక్కకట్టి చూశాం. నేను సెలవు పెట్టిన రోజున కూడా అది తప్పు చేయలేదు, అదే నాకు కొంచెం బాధ.

మీ టేపు మాత్రం నాకు గుర్తుంది. మొదటి ముక్క విరిగిపోయింది కాబట్టి ప్రతి కొలతలోనూ ఆ విరిగినంత మనసులో తీసేస్తుంటారు. ఆ రోజు తీసేశారా? పైన మేకు వదులుగా ఉందేమో చూశారా? ఊపు నిజంగా అరవై డిగ్రీలేనా, లేక ఆర్కిటెక్టు గారి సంతోషం కోసం కంటితో చూసి అరవై అనుకున్నారా? మీ పనిని అనుమానించడం నాకు ఇష్టం లేదు. నా పనిని మీరు అనుమానించారు కాబట్టి ఇష్టం లేకుండానే చేస్తున్నాను.

ఇట్లు,
సంబంధిత విభాగం
(మీ ఆడపడుచు)

తా.క. ఫిర్యాదు ఫారంలో 'మమ్మల్ని ఇంకెవరికైనా సిఫార్సు చేస్తారా' అన్నచోట 'పెళ్ళి సంబంధానికి కూడా చేయను' అని రాశారు. ఆఫీసంతా చదివారు. సమీకరణాల విభాగంలో ఒకాయన మాత్రం వివరాలు అడిగాడు.

*

ఆడపడుచుకి,

టేపు కొత్తది కొని మళ్ళీ కొలిచాను. మేకు బిగుతుగానే ఉంది. ఊపు అరవై డిగ్రీలే, ఆర్కిటెక్టు గారిని పక్కన నిలబెట్టుకుని మరీ చూశాను.

ఆ తర్వాత మా నాన్న పెట్టెలోంచి పాత పట్టికల పుస్తకం తీశాను. నువ్వు చెప్పిన గణితం పెద్దలు వేసినవే. అందులో సగం దగ్గర K విలువ 1.6858. నీ సాఫ్ట్‌వేర్‌లో అదే సగానికి 1.8541. రెండూ ఒకే K, ఒకే సగం. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. పుస్తకానికి నా మీద పగ పట్టేంత బంధుత్వం లేదు.

పరాయిదానివైతే ఈపాటికి మర్యాదగా రాసేదాన్ని.

ఇట్లు,
సాక్ష్యంతో సహా,
నీ వదిన

తా.క. వివరాలు అడిగినాయన మనిషి ఎలాంటివాడు, తల్లిదండ్రులు ఏం చేస్తారు? ఫారంలో రాసింది వెనక్కి తీసుకోవడం లేదు, ఊరికే అడుగుతున్నాను.

*

పూజ్యులైన వదినగారికి,

దొరికింది. మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిచి మళ్ళీ వచ్చి కూర్చున్నాను, విభాగమంతా తిరిగినట్టే.

K విషయంలో లోకం రెండు తెగలు. మీ నాన్నగారి పుస్తకం తెగవాళ్ళు సంఖ్యని మామూలుగా తీసుకుని, లోపల వాళ్ళే వర్గం చేసుకుంటారు. మా సాఫ్ట్‌వేర్ తెగవాళ్ళకి ముందే వర్గం చేసి ఇవ్వాలి. అంటే సగాన్ని సగంతో గుణించి ఇవ్వాలి. మీరు సగం ఇచ్చారు. అది పావు అడిగింది. సహాయం పేజీలో మూడో వాక్యంలోనే ఉంది. చదవండి అని రెండుసార్లు రాశాను, మూడుసార్లు రాయాల్సిందేమో.

మీ కడ్డీ కూడా వృథా కాదు. మీరు తెలియక అడిగిన ప్రశ్నకి అది సరైన కడ్డీ. గుండు అటు తొంభై, ఇటు తొంభై డిగ్రీలు, అంటే నేలకి సమంగా పైకి లేచేలా ఊపండి, టైము చక్కగా సరిపోతుంది. వచ్చేవాళ్ళు తలలు వంచుకుని నడవాలంతే. గ్రంథాలయంలో ఆ మాత్రం వినయం ఉండాల్సిందే.

ఆ ఓపిక లేకపోతే పావు ఇచ్చి మళ్ళీ లెక్క వేయండి. ఈసారి కడ్డీ పొడవుగా వస్తుంది.

ఇట్లు,
నిర్దోషిగా తేలిన
మీ ఆడపడుచు

తా.క. సమీకరణాల ఆయన వివరాలు అడిగింది నా గురించి కాదట. అంత ఘాటైన భాష రాసిందెవరని అడిగాడట.

*

నా పాలిటి ఆడపడుచుకి,

నువ్వు గెలిచావు. చాలా సంతోషం.

పావు ఇచ్చాను. ఒకటికి రెండుసార్లు చూసుకుని, సగం కాదు పావే అని బయటికి చదువుకుని మరీ ఇచ్చాను. వచ్చిన లెక్క ప్రకారం కొత్త కడ్డీ, కొత్త అతుకు, మళ్ళీ పరంజా. వేలాడదీశాక పరంజా విప్పేసి పట్టుకుపోయారు, రంగులవాళ్ళకి ఇంకోచోట కావాలట. అంతా అయ్యాక గడియారం చూస్తే ఇప్పుడు నెమ్మదిగా నడుస్తోంది. మొన్నటిదాకా పరుగెత్తింది, ఇప్పుడు కాళ్ళీడ్చుకుంటోంది. ఇప్పుడు లైబ్రేరియన్ ఏడుస్తున్నాడు, పాఠకులు దండం పెడుతున్నారు. నవల పెద్దమనిషి వచ్చి రెండో భాగం కూడా అయిపోయిందని చెప్పి వెళ్ళాడు.

ఇంకో నాలుగు రోజుల్లో ప్రారంభోత్సవం. ఈలోగా పరంజా తిరిగి రాదు, అది లేకుండా గుండు దించడం కుదరదు. గ్రంథాలయం పెద్దలు బ్యాటరీ గడియారం కొని అట్టపెట్టె తెచ్చి హాల్లోనే పెట్టారు, నాకు కనిపించేలా. ఇన్నేళ్ళకి ఒక్కసారి నా పేరు రాసుకున్నాను. అదీ నిలబడలేదు.

మధ్యలో నీకు వేసిన కార్డుకి జవాబు లేదు. నిర్దోషులకి తీరిక ఉండదు కాబోలు. ఆడపడుచులు పగ పడతారని విన్నాను గానీ, దశాంశాల్లో తీర్చుకుంటారని తెలియదు.

ఇట్లు,
రెండు కడ్డీల
నీ వదిన

తా.క. ఈమధ్య సాఫ్ట్‌వేర్ తెరవగానే 'కొత్త మార్పులు వచ్చాయి, అంగీకరిస్తారా' అంది. అంగీకరించాను. మీ ఇంటి తరఫు వాళ్ళు ఏమడిగినా అంగీకరించడం తప్ప నాకింకేం అలవాటు.

*

వదినా,

ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను, రేపటికల్లా చేరాలి. ముందు ఫోనే చేశాను. అన్నయ్య ఎత్తి, రాసి పంపమని పెట్టేశాడు.

మీ తా.క. చదివాను. ఆ కొత్త మార్పు నాదే.

మిమ్మల్ని వెక్కిరిస్తూ పోయినసారి ఉత్తరం రాశాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. గడియారాల మధ్య పెరిగిన మనిషికే అక్కడ కాలు జారిందంటే, ఇంకెంతమంది జారుతున్నారో. మూడో వాక్యంలో రాసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదనిపించింది. మా మీటింగులో లేచి నిలబడి, "మా వదిన తప్పు చేయలేదు, మనం చేశాం" అన్నాను. నేను మీటింగులో నోరు విప్పడం అందరూ మొదటిసారి చూశారు. వాదించాను. ఒప్పించాను. ఇకమీదట K కి మామూలు సంఖ్యే ఇస్తే చాలు, వర్గం లోపల అదే చేసుకుంటుంది, మీ నాన్నగారి పుస్తకంలో లాగే. ప్రారంభోత్సవం రోజున చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని దాచాను. అందుకే కార్డుకి జవాబు రాయలేదు, రాస్తే చెప్పేస్తానని.

మీరు పావు ఇచ్చారు. అది ఆ పావుని మళ్ళీ వర్గం చేసి వీసం, అంటే పదహారో వంతు, చేసింది.

మీకు మేలు చేద్దామనుకుని మీ పేరే చెరిపేశాను. బస్సెక్కి వస్తున్నాను. పరంజా మోయమన్నా మోస్తాను, ఆ పెద్దల ముందు నిలబడి తప్పు నాదని చెప్పమన్నా చెబుతాను.

ఇట్లు,
మీ ఆడపడుచు

తా.క. కొత్త మార్పు మీద ఇంకా ఫిర్యాదులు వచ్చాయి, అన్నీ నాకే. ఒక వంతెనల ఇంజనీరు చాలా కోపంగా రాశాడు. మీ అంత బాగా రాయలేదు.

*

చిరంజీవి ఆడపడుచుకి,

వదిన దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, గడియారంతో సహా.

నిన్న నువ్వు దిగిన బస్టాండు నుంచే, వచ్చిన బస్సులోనే వెనక్కి పంపేశానని కోపంగా ఉన్నావని మీ అన్నయ్య చెప్పారు. నువ్వు వచ్చేసరికి పని అయిపోయింది, గడియారం సామానుతో ఇంట్లో పడుకోవడానికి చోటు లేదు, పైగా మీ ఆఫీసులో ఆ వంతెన ఇంజనీరు కాచుకుని ఉన్నాడు. అందుకే పంపాను. అప్పుడు తీరికగా చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను.

నీ కొరియర్ వచ్చినప్పుడు ఆ హాల్లోనే, ఆ అట్టపెట్టె పక్కన కూర్చుని ఉన్నాను. వీసం అన్నమాట చదివి మొదట నిన్ను తిట్టాను, బయటికే. తర్వాత ఆలోచించాను. మొదటి కడ్డీ తొంభై డిగ్రీల ఊపుకి సరిపోతుందని నువ్వు ఎగతాళి చేశావు కదా, అలాగైతే ఈ రెండో కడ్డీ కూడా ఏదో ఒక ఊపుకి సరిపోవాలి. నీ తప్పు జవాబు ఇంకేదో ప్రశ్నకి సరైన జవాబు అయ్యుండాలి. పట్టిక తీశాను. సగం కోణానికి సైన్ విలువ పావు కావాలి. ఊపు ముప్ఫై డిగ్రీలకి కాస్త తక్కువ.

కడ్డీ కోయనక్కర్లేదు, పరంజా అక్కర్లేదు. గుండుని ప్రతిసారీ నెట్టే అయస్కాంతం కింద పెట్టెలో ఉంది, దానికో బిరడా ఉంది. తిప్పి నెట్టుడు తగ్గించాను. గుండు సగం దూరమే ఊగడం మొదలుపెట్టింది. దాని పక్కన చేతి గడియారం పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇద్దరూ కలిసే నడిచారు. అంతమంది అటూ ఇటూ తిరుగుతున్న హాల్లో నేను ఒక్కదాన్నే ఏడ్చాను.

ఊపు తగ్గిందని ఆర్కిటెక్టు గారు మొహం ముడుచుకున్నారు. ఇదివరకు గుండు నెత్తిమీదికి వస్తుందేమోనని ఆయనే పక్కకి తప్పుకుని నడిచేవారని గుర్తుచేశాను. ఇప్పుడు గంభీరంగా ఉందని ఒప్పుకున్నారు. ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి తన చేతి గడియారం చూసుకుని, మా గడియారం చూసి, తన గడియారాన్ని సరిచేసుకున్నాడు. ఇప్పుడది సరైన టైముకి నడుస్తోంది కాబట్టి లైబ్రేరియన్‌కీ నచ్చలేదు, పాఠకులకీ నచ్చలేదు.

మీటింగులో నా తరఫున మాట్లాడావని రాశావు. నేను మీ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది. మీ వాళ్ళలో నా తప్పు లేదని నలుగురిలో లేచి చెప్పినదానివి నువ్వే. నాకు ఆ మాట కావాలి. దానికోసం ఇంకో కడ్డీ పాడైనా ఫరవాలేదు.

డయల్ మేడమీది వరండాలోంచి చేతికందుతుంది. చెక్కేవాణ్ణి పిలిపించి నా పేరు పక్కన నీ పేరు కూడా చెక్కించాను. ప్రేమ అనుకునేవు. రేపు టైము తప్పితే తిట్లు నేనొక్కదాన్నే ఎందుకు తినాలి?

ఇట్లు,
నీ వదిన

తా.క. రెండు పేర్లూ చదివి, మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా అని అడిగాడు లైబ్రేరియన్. కాదయ్యా, వదినా మరదళ్ళం అన్నాను. అక్కచెల్లెళ్ళయితే ఒకరి తప్పుల్ని ఒకరు ఇన్ని దశాంశాల దాకా లెక్కపెట్టుకోరని చెప్పాను.